నీలం పరదా కింద పదకొండు నెలలు

ఎల్ఫేజ్ షెరామీకి ప్రశ్నలంటే గిట్టదు. డాక్టరు అడిగినా గిట్టదు, చర్చిలో ఫాదర్ అడిగినా గిట్టదు. అలాంటివాడి గుమ్మంలోకి జులై నెల మిట్టమధ్యాహ్నం ఒక అమ్మాయి వచ్చి, అరవై రెండు ప్రశ్నలున్నాయి, గంట పడుతుంది, కూర్చోవచ్చా అని అడిగింది. వద్దందామనుకున్నాడు. కానీ ఎండనపడి వచ్చిన మనిషిని నిలబెట్టి పంపెయ్యడం మా బయూ కాలువ ఒడ్డు వాళ్ళకి ఇంటావంటా లేదు. కుర్చీ వేశాడు. కుర్చీ వేశాక కాఫీ పెట్టకుండా ఎలా? కాఫీ పెట్టాక ఇక తప్పించుకునే దారి లేదు.

గుమ్మం అని మాటవరసకి అనడమే గానీ అది అతను ప్రస్తుతం తలదాచుకున్న ట్రైలర్, అంటే చక్రాల ఇంటి మెట్టు. అసలు ఇల్లు పక్కనే ఉంది. కిందటి ఆగస్టులో వచ్చిన గాలివాన దాని కప్పు సగం ఎత్తుకుపోయింది. ఎల్ఫేజ్ దానిమీద నీలం పరదా కప్పి, చుట్టూ మేకులు కొట్టి, నాలుగు రోజుల్లో బాగు చేసేస్తానన్నాడు. పదకొండు నెలలైంది. గాలి వీచినప్పుడల్లా ఆ పరదా టపటపా కొట్టుకుంటుంది. కొత్త రేకులు వచ్చి పెరట్లో పడి ఉన్నాయి, వాటి పక్కన గడ్డి మోకాలెత్తు పెరిగింది. నిచ్చెన ఎక్కబోతే డెబ్బై ఒక్కేళ్ళ మోకాళ్ళు మూడో మెట్టు దగ్గరే మొరాయిస్తున్నాయి.

అతని భార్య ఒడాలీ ఆ చప్పుడు నాలుగు నెలలు విన్నది. డిసెంబరులో పెట్టె సర్దుకుని లఫాయెట్‌లో ఉన్న కూతురింటికి వెళ్ళిపోయింది. అరిచింది లేదు, ఏడ్చింది లేదు. "ఆ కప్పు సంగతి తేల్చాక కబురు చెయ్యి" అని మాత్రం అంది. నలభై ఆరేళ్ళు కాపురం చేసిన మనిషి అంత నెమ్మదిగా మాట్లాడిందంటే భయపడాల్సిన విషయమే. ఎల్ఫేజ్ భయపడ్డాడు కూడా. ఆమె లేకుండా ఇంకో చలికాలం గడపాలంటే తన వల్ల కాదని అతనికి తెలుసు. ఆ మాట పైకి మాత్రం ఎవరితోనూ అనలేదు.

వచ్చినమ్మాయి పేరు నకిమెర. ఉగాండాలో మసాకా దగ్గర పల్లెటూరు ఆమెది. ఇక్కడి యూనివర్సిటీలో చదువుతోంది. ఫ్రెంచి మూలాలున్న మా కేజన్ వాళ్ళ బతుకులు ఎలా ఉన్నాయి, తన ఊరివాళ్ళ బతుకులు ఎలా ఉన్నాయి, రెండూ పక్కపక్కన పెట్టి చూడడం ఆమె పని. కిందటేడు అక్కడ రెండొందల ఇళ్ళు తిరిగింది. ఇప్పుడు ఇక్కడ తిరుగుతోంది. రెండు చోట్లా అవే ప్రశ్నలు అడగాలి, లేకపోతే తూకం సరిగ్గా రాదని ఆమె పట్టు.

"తాగే నీళ్ళు ఎంత దూరం నుంచి తెచ్చుకుంటారు?" అని మొదలుపెట్టింది.

"నీళ్ళా? మేం పోనక్కర్లేదమ్మా. అవే మమ్మల్ని వెతుక్కుంటూ వస్తాయి, మంచాల దాకా."

నకిమెర నవ్వాపుకోలేకపోయింది. నవ్వితే ఎల్ఫేజ్‌కి హుషారొచ్చింది.

"ఫ్రిజ్ ఉందా?"

"రెండు. ఒకటి పనిచేస్తుంది, రెండోది తోడుకి."

"బండి?"

"ఉంది."

"పడవ?"

"అదీ ఉంది. నాకంటే అదే గట్టిది."

"ఇంటి కప్పు దేనితో వేశారు? రేకులా, పెంకులా, గడ్డా?"

ఎల్ఫేజ్ బదులు పరదా మాట్లాడింది, టపటపా అని.

"నీ కాగితంలో టార్పాలిన్ లేదా?"

"లేదు పెద్దాయనా. 'ఇతరములు' అని ఉంది."

"అయితే నన్ను ఇతరుల్లో వేసుకో" అన్నాడు. ఈసారి ఇద్దరూ నవ్వలేదు.

ఆ తర్వాత కాసేపు సజావుగానే నడిచింది. పిల్లలెంతమంది, ఎంతవరకు చదివారు, జబ్బు చేస్తే ఆస్పత్రి ఎంత దూరం. మధ్యలో అతను మొక్కజొన్న రొట్టె తెచ్చి పెట్టాడు. పొద్దున్నుంచీ ఆమెకి ఇది నాలుగో ఇల్లు, నాలుగో తిండి. కాదనడం వాళ్ళ ఊళ్ళోనూ మర్యాద కాదు. అందుకే నిండు కడుపు మీద నెమ్మదిగా నములుతూ నలభయ్యో ప్రశ్నకి వచ్చింది.

"మీకు కష్టమొస్తే, పిలిస్తే పలికేవాళ్ళు ఎంతమంది ఉన్నారు?"

ఇది అతనికి తేలిక. వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. ఎదురింటి ఒజేమ్ డాంటిన్, అతని ఇద్దరు కొడుకులు, చర్చి పక్కనున్న లెజీమ్ కుటుంబం, పీత్ర్ అన్నదమ్ములు, రొయ్యల రేవులో తనతో పనిచేసినవాళ్ళు. ఇరవై మూడు మంది తేలారు. చెబుతుంటే అతని ఛాతీ పొంగింది.

"మాలో కూ ద మాన్ అని ఉంటుందమ్మా. ఓ చెయ్యి వెయ్యడం. ఫలానా రోజు పని ఉందని ఒకడు పిలుస్తాడు. అందరూ సుత్తులు పట్టుకుని దిగుతారు. పిలిచినవాడు అన్నం పెడతాడు. థాంక్యూలు గీంక్యూలు ఉండవు."

"పిలవకపోతే రారా?"

"పిలవకుండా ఎవరొస్తారు? పిలవని కప్పు మీదకెక్కితే, 'నీకు చేతకాదురా' అని మొహమ్మీద అన్నట్టే కదా!"

నకిమెర రాసుకుంది. తల ఎత్తకుండానే తర్వాతది చదివింది. "నలభై ఒకటి. గడిచిన పన్నెండు నెలల్లో వాళ్ళని ఎన్నిసార్లు పిలిచారు?"

ఎల్ఫేజ్ కాఫీ కప్పు అడుక్కి చూశాడు. "అవసరం రాలేదు."

ఆమె పెన్ను కాగితం మీద ఆగిపోయింది. పరదా వైపు చూసింది, గడ్డిలో రేకుల వైపు చూసింది, మళ్ళీ అతని వైపు చూసింది. అతను ఆమె వైపు తప్ప అన్ని వైపులా చూశాడు.

ఎందుకు పిలవలేదో అతనికి బాగా తెలుసు. తొమ్మిదేళ్ళ కిందట ఒజేమ్ వరద నీళ్ళు ఎక్కకుండా తన ఇంటిని స్తంభాల మీదకెత్తడానికి అందర్నీ పిలిచాడు. ఆగస్టులో ఒక సోమవారం. సరిగ్గా ఆ రోజే తెల్ల రొయ్యల వేట మొదలు. మొదటి రోజు పడే రొయ్యల్ని వదులుకోలేక ఎల్ఫేజ్ పడవేసుకుని పోయాడు. తిరిగొచ్చాక రెండు పెట్టెల రొయ్యలు పంపాడు. ఒజేమ్ తీసుకున్నాడు, ఏమీ అనలేదు. అప్పట్నించీ కాఫీలున్నాయి, కబుర్లున్నాయి, పైకి అన్నీ మామూలే. కానీ ఆ ఒక్క రోజు ఎల్ఫేజ్ గొంతులో ముల్లై కూర్చుంది. చెయ్యి వెయ్యనివాడు ఏ మొహం పెట్టుకుని పిలుస్తాడు? పైగా ఈ ఏడాది ఒక్కడంటే ఒక్కడు తన దగ్గరికి వల తెచ్చి కుట్టమనలేదు. బయూ ఈ చివర్నించి ఆ చివరిదాకా వల కుట్టడంలో తన చేతిని మించిన చెయ్యి లేదు. అలాంటిది ఎవరూ రాలేదంటే ఊరు తనని లెక్కలోంచి తీసేసినట్టేనని తేల్చుకున్నాడు.

"పొద్దున ఒజేమ్ ఇంటికి వెళ్ళావా?" అని అడిగాడు హఠాత్తుగా.

"వెళ్ళాను. అత్తిపండ్ల కేకు పెట్టారు."

"నా గురించేమన్నా అన్నాడా?"

"ఒకరింటి మాట ఇంకొకరింట్లో చెప్పనని సంతకం పెట్టి వచ్చాను పెద్దాయనా."

"అంటే ఏదో అన్నాడన్నమాట."

"మీ ఇంటి మాట కూడా వాళ్ళకి చెప్పను. అది మీకు మంచిదే కదా!"

ఎల్ఫేజ్ మూతి ముడుచుకున్నాడు. గడుసుపిల్ల అనుకున్నాడు. మాట మారుద్దామని అడిగాడు. "సరే, ఇన్ని ఇళ్ళు తిరిగావు. ఎవరు గెలుస్తున్నారు? మేమా, మీవాళ్ళా?"

"సామాన్ల పేజీలో మీరే. మా అమ్మ ఇంట్లో ఫ్రిజ్ లేదు. బండి లేదు. నీళ్ళు అర మైలు మోస్తుంది. ఆ మోతకి మెడ వంగిపోయింది. ఆమె బతుకు హాయిగా ఉందని నేనెప్పుడూ అనను. అలా అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది." కాఫీ కప్పు పక్కన పెట్టింది. "కానీ రెండేళ్ళ కిందట గాలికి మా ఇంటి రేకులు లేచిపోయాయి. మూడో రోజుకల్లా మళ్ళీ కప్పు పడింది."

"మీ అమ్మ పిలిచిందా?"

"పిలవకపోతే తప్పు వేస్తారు."

"తప్పా?"

"మా ఊళ్ళో ఆడవాళ్ళ సంఘం ఒకటుంది. మున్నో ముకాబి అంటారు, అంటే కష్టంలో నేస్తం. చావైనా పెళ్ళైనా ఒకళ్ళ కుండలు ఒకళ్ళకి, ఒకళ్ళ కట్టెలు ఒకళ్ళకి. కష్టమొచ్చి కూడా చెప్పకుండా దాచుకున్నవాళ్ళకి ఒక అరటిగెల తప్పు. మా అమ్మ ఒకసారి కట్టింది. నాకు జ్వరమొస్తే గుట్టుగా ఉంచిందని."

"ఇదెక్కడి న్యాయం! జ్వరం మీ ఇంట్లో, తప్పూ మీకేనా?"

"నేనూ అలాగే గొడవ పెట్టాను. అప్పుడు ఆ సంఘం పెద్దావిడ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. 'మీ అమ్మ ఇవాళ అడగలేదు. రేపు నాకు కష్టమొస్తే మీ అమ్మని నేనెలా అడిగేది? ఒక్కరు అడగడం మానేస్తే మిగతా అందరికీ నోరు పడిపోతుంది' అంది."

ఎల్ఫేజ్ వలల గురించే ఆలోచిస్తున్నాడు. పీత్ర్ వాళ్ళ పెద్దోడు మార్చిలో ఇక్కడిదాకా వచ్చి, నీలం పరదా వైపు చూసి, ఊరికే వచ్చానని వెళ్ళిపోయాడు. లెజీమ్ భార్య కూడా ఒకసారి ఏదో అడగబోయి మింగేసింది. అవన్నీ తనంటే చిన్నచూపనుకున్నాడు. ఇంటిమీద కప్పులేనివాడిని సాయం ఎలా అడుగుతారు? ఈ పదకొండు నెలలూ తన నోటికే తాళం వేసుకున్నాననుకుంటున్నాడు. ఊరందరి నోళ్ళకీ వేసేశాడు. అతనికి చాలా సిగ్గేసింది.

నకిమెర అరవై రెండూ పూర్తిచేసి లేచింది. "పెద్దాయనా, ఒక్కటి ఖాళీగా వదిలేశాను. 'అవసరం రాలేదు' అని రాయడానికి నాకు చెయ్యి రాలేదు. సోమవారం ఈ దారినే వస్తాను. అప్పుడు అడుగుతాను."

"అప్పుడూ అదే చెబితే?"

"అదే రాస్తాను. నా పని అదే కదా" అని, కాఫీ కప్పు తనే కడిగి బోర్లించి వెళ్ళింది.

ఆమె పోయిన అరగంటకి ఎల్ఫేజ్ రోడ్డు దాటాడు. ఒజేమ్ ఇల్లు పద్నాలుగు మెట్ల మీద ఉంటుంది. కాఫీకని ఆ మెట్లు వందసార్లు ఎక్కాడు గానీ, వాటిలో తను కొట్టిన మేకు ఒక్కటీ లేదని ఎక్కిన ప్రతిసారీ గుర్తొస్తుంది. ఒజేమ్ పైన వరండాలో కూర్చుని బీన్స్ వలుస్తున్నాడు.

"ఏంట్రా, దారి తప్పావా?"

"శనివారం ఖాళీయేనా?" ఎల్ఫేజ్ కూర్చోలేదు. కూర్చుంటే ఆ మాట వెనక్కి పోతుందని భయం. "కప్పు వెయ్యాలి. నావల్ల కావట్లేదు. ఓ చెయ్యి వెయ్యాలి."

ఒజేమ్ చేతిలో బీన్స్ కాయ అలాగే ఉండిపోయింది. "ఎన్నింటికి?"

"ఆరింటికి. ఒజేమ్, అప్పుడు నీ ఇంటికి నేను..."

"రాలేదు. తెలుసు. ఇక్కడే ఉన్నానుగా." ఒజేమ్ కాయని గిన్నెలో పడేశాడు. "రెండేళ్ళు తిట్టుకున్నా నిన్ను. చాలా చెత్తగా తిట్టుకున్నా, మా ఆవిడనడుగు. ఆ తర్వాత మర్చిపోదామంటే నువ్వు మర్చిపోనివ్వవు కదా! వచ్చినప్పుడల్లా నా మెట్ల వంక దొంగచూపులు చూస్తావు." లేచి లోపలికెళ్ళి, చిరిగిన వల ఒకటి ఈడ్చుకొచ్చి ఎల్ఫేజ్ కాళ్ళ దగ్గర పడేశాడు. ఏడాది దుమ్ము పట్టి ఉంది. "శనివారం దాకా ఆగాలా, ఇప్పుడే పట్టుకుపోతావా?"

ఎల్ఫేజ్ వంగి వల చేతిలోకి తీసుకుని చిరుగు ఎక్కడుందో వెతికాడు. కళ్ళు సరిగ్గా కనబడలేదు. వెతుకుతున్నట్టే నటిస్తూ చాలాసేపు వంగి ఉన్నాడు. ఒజేమ్ బీన్స్ వలుచుకుంటూ కూర్చున్నాడు.

సాయంత్రానికల్లా కబురు బయూ పొడుగునా పాకింది. పీత్ర్ అన్నదమ్ములు నిచ్చెనలు తెస్తామన్నారు. లెజీమ్ భార్య, తన కంచె విరిగి ఏడాదైంది, ఆదివారం చూస్తావా అని అడిగేసింది. అప్పుడు ఎల్ఫేజ్ లఫాయెట్‌కి ఫోన్ చేశాడు.

"ఒడాలీ, శనివారం ఇరవై మూడు మందికి వంట కావాలి. నాకు గంబో పులుసు చేతకాదు. పెద్ద నల్లగిన్నె ఎక్కడ పెట్టావో కూడా తెలీదు."

"ఇరవై మూడు మందా? ఎవరు పిలిచారు వాళ్ళని?"

"నేనే."

"నువ్వా? నోరు తెరిచి?"

"అవును. అడిగా. ఒజేమ్‌నే ముందు అడిగా."

అవతల ఆమె ముక్కు చీదుకోవడం వినబడింది.

"నేను రేపు పొద్దున్నే బయల్దేరుతున్నా. ఆ గిన్నె జోలికి వెళ్ళకు."

"కప్పు ఇంకా పడలేదే. రేపటికి ఇదే పరదా. శనివారం సాయంత్రానికి గానీ..."

"ఓరి దేవుడా! నలభై ఆరేళ్ళుగా నీతో వేగుతున్నా. నేను కప్పు లేదని వెళ్ళిపోయాననుకున్నావా?" అంది ఒడాలీ.