బాతుల్ని అదిలించే గొంతు

నా గొంతు గురించి రేపల్లెలో ఎవరినైనా అడగండి. లూథరన్ చర్చిలో మైకు పాడైతే పాస్టరుగారు నాకోసమే చూస్తారు. చలికాలం మా మినుము చేలో నెత్తిన నల్లచారలున్న బాతులు వాలితే, డబ్బా కొట్టి "హోయ్" అంటాను. పక్క ఊరిదాకా ఆగవు. దేవసహాయం అరిస్తే తెనాలిలో రైలు ఆగుతుందని మా ఆవిడ కాంతమ్మ ఎగతాళి. అది పొగడ్తనుకుని మీసం తిప్పేవాణ్ణి నేను.

మా అమ్మాయి నీరజ బాపట్లలో వ్యవసాయం చదివి, ఆపైన పక్షుల చదువులో పడి, లడఖ్ కొండల మీద ఓ పెద్ద సరస్సు దగ్గర పనిచేస్తోంది. మొన్న జూన్‌లో చూడ్డానికి వెళ్లాను. అక్కడ ఊపిరి అందడం లేదు గానీ, నా బుద్ధి మాత్రం రేపల్లెలోనే ఉంది. సరస్సు నీళ్లు దోసిట్లో తీసి నాలిక మీద వేసుకున్నాను.

"ఉప్పగానే ఉన్నాయమ్మా. రొయ్య వెయ్యొచ్చు."

నీరజ తల పట్టుకుంది. "నాన్నా, ఇక్కడి కాపరులు ఈ సరస్సుకి దణ్ణం పెడతారు. ఈ ఒడ్డున పచ్చికే వాళ్ల మేకలకి తిండి, ఆ మేకల బొచ్చే వాళ్లకి బతుకు. నువ్వు రొయ్యలంటావేంటి?"

మర్నాడే అసలు గండం. బాతులు గుడ్లు పెట్టే ఒడ్డునే యాత్రికులకు గుడారాలు వేస్తానని ఓ కంట్రాక్టరు అనుమతి అడిగాడు. చూసి తేల్చడానికి ఆఫీసరు వస్తున్నాడు. గుడారాలు లేస్తే బాతులు ఇక రావని నీరజ బెంగ. "రేపు నోరు మెదపొద్దు నాన్నా," అని నాచేత ఒట్టు వేయించుకుంది.

చాలాసేపు మెదపలేదు. "జనం దూరంగా నిలబడి చూస్తారు, పిట్టలు అలవాటు పడిపోతాయి," అని కంట్రాక్టరు హిందీలో చెబుతుంటే కూడా పళ్లు బిగబట్టుకున్నాను. అంతలో పైనుంచి ఓ గుంపు దిగింది. నెత్తిన నల్లచారలు. మా చేలో వాలేవే. ఇంకేముంది, చెయ్యి దానంతటదే లేచింది, నోరు తెరుచుకుంది.

"హోయ్!"

గూళ్ల మీదవి కూడా ఒక్కటి మిగలకుండా ఎగిరిపోయాయి. బొంతకాకులు దిగి మా కళ్లముందే గుడ్లు పొడుచుకు తిన్నాయి. నీరజ ఏడ్చేసింది. నాకు సిగ్గుతో ఎటు చూడాలో తెలియలేదు.

ఆఫీసరు నన్ను ఎగాదిగా చూసి ఇంగ్లీషులో ఏదో అడిగాడు. నీరజ కళ్లు తుడుచుకుని బదులు చెప్పింది. ఆ ఒడ్డున గుడారాలు వద్దని ఆయన అక్కడికక్కడే తేల్చేశాడు.

"ఏమన్నారమ్మా?"

"ఒక్క మనిషి అరిస్తేనే ఇంత నష్టమా అని ఆయన అడిగారు. గుడారాలొస్తే రోజూ వందలమంది అరుస్తారని నేనన్నాను." ఖాళీ గూళ్లకేసి చూపిస్తూ, "గెలిచాం నాన్నా. గుడ్లు పోయాయి," అంది.

డిసెంబరులో బాతులు మా చేలో వాలాయి. డబ్బా పట్టుకుని చేనిగట్టు ఎక్కి నీరజకి ఫోన్ చేశాను.

"మినుము తింటున్నాయా?"

"తెగ తింటున్నాయి."

"అయితే తోలెయ్ నాన్నా. అక్కడ గుడ్లు లేవుగా."

ఫోన్ జేబులో పెట్టి నోరు తెరిచాను. గొంతు రాలేదు. ఆ గుంపులో గూడు పోగొట్టుకున్నది ఏదో అని చూస్తూ ఉండిపోయాను.

కాంతమ్మ నా చేతిలో డబ్బా లాక్కుంది. "లోకాన్ని ఉద్ధరించొచ్చిన గొంతు, మన పొలానికి కొరగాకుండా పోయింది."

డబ్బా మోగింది. బాతులు లేచాయి. కింద ఏ గుడ్లూ లేవని తెలిసినా, నేను కాకులకోసం ఆకాశమంతా వెతికాను.