నీలం తలుపు దగ్గర తప్పకుండా ఆగండి

ఎడారి మొదట్లో ఉన్న ఆఖరి పెట్రోలు బంకు నాది. ఇక్కడ ఆగిన ప్రతివాడూ అడిగేది ఒకటే, దారిలో చూడ్డానికి ఏమున్నాయని. రాళ్ళూ రప్పలూ ఉన్నాయి, ఇంకేముంటాయి నా మొహం! కానీ అలా అనను. రసీదు వెనక్కి తిప్పి, ఎర్ర పెన్సిలుతో దారి గీసిస్తాను.

"నలభయ్యో కిలోమీటరు దగ్గర గాలి కోసేసిన ఎర్రరాళ్ళు. పొద్దున్నే చూడాలి, మిట్టమధ్యాహ్నమైతే కళ్ళు పోతాయి. తర్వాత ఎండిపోయిన ఉప్పు చెరువు. అందులోకి కారు దింపారో, మీ పని అయిపోయినట్టే. అది దాటితే ముళ్ళు లేని గడియారం ఉన్న చిన్న ఊరు. అక్కడ నీలం తలుపు టీ కొట్టుంటుంది. తప్పకుండా ఆగండి. నేను పంపానని మాత్రం చెప్పకండి."

"మీరు చూశారా ఇవన్నీ?"

"చూడకుండానే చెబుతున్నానా?" అని కసురుతాను.

చూడలేదు. అన్నీ లారీవాళ్ళు చెప్పినవే. ఆ నీలం తలుపు కొట్టు నా చెల్లెలిది.

పదేళ్ళ కిందట, నాకు నచ్చనివాణ్ణి చేసుకుందని, "నా గుమ్మం తొక్కకు" అన్నాను. నాకు ముక్కు మీదే కోపం. దానికి అంతకు రెట్టింపు పంతం. తొక్కలేదు. ఆ మనిషి పోయాడని విన్నప్పుడైనా వెళ్ళాల్సింది, మొహం చెల్లలేదు. బదులుగా మనుషుల్ని పంపడం మొదలుపెట్టాను. వెళ్ళినవాళ్ళు ఆ చివర హైవే ఎక్కి పోతారు, వెనక్కి రారు. లారీలు కూడా కొత్త రోడ్డు పట్టాక దాని కబురు చెప్పే దిక్కే లేకపోయింది. వెళ్తే అది నన్ను లోపలికి రానిస్తుందా అన్నదొక్కటే నా బెంగ. సాయంత్రాలు ఆ రోడ్డుకేసి చూస్తూ కూర్చుంటాను. ఒక్కడి కోసం టీ కాచుకోవడమంత దండగ పని ఇంకోటి లేదు.

ఇవాళ, మొన్న నేను పంపిన, ఫొటోలు తీసుకునే అమ్మాయి తిరిగొచ్చింది. కారు మొరాయిస్తే ట్రక్కు మీద వేయించుకుని తెచ్చింది.

"ఆ కొట్టు మూసేసుంది అంకుల్. ఆవిడ పోయి ఏడాది దాటిందట."

"సరిగ్గా చూశావా? నీలం తలుపు!" అని అరిచాను, తప్పంతా ఆ పిల్లదే అయినట్టు.

ఏడాదిగా నేను పంపినవాళ్ళందరూ తాళం చూసి వెళ్ళిపోయారన్నమాట.

ఆ అమ్మాయి ఫోను చేతికిచ్చింది. కిటికీ అద్దంలోంచి తీసిన ఫొటో. లోపల గోడ నిండా నా రసీదులే, నా ఎర్ర గీతలే.

"పక్కన పంక్చర్లు వేసే ఆయన చెప్పాడు. 'ఇక్కణ్ణుంచి దారి ఒకటే, ఈ కాగితం మీకెందుకు' అని ఆవిడ అందరి దగ్గరా తీసేసుకునేదట."

రసీదుల పైన సుద్దతో ఏదో రాసి ఉంది. ఆ అమ్మాయి వేళ్ళతో ఫొటో పెద్దది చేసింది. చెల్లెలి చేతిరాత నాకు తెలుసు, చిన్నప్పుడు అక్షరాలు దిద్దించింది నేనే.

"అందరూ వచ్చారు. అన్నయ్య తప్ప."

బంకు మెట్ల మీద కూలబడి ఎంతసేపు ఏడ్చానో తెలీదు. ఆ అమ్మాయి పక్కనే కూర్చుంది.

ఇంతలో ఓ కారు ఆగింది. పెట్రోలు పోయించుకుని, డ్రైవరు సీట్లోంచి తల బయటపెట్టి అడిగాడు, "దారిలో చూడ్డానికి ఏమున్నాయండీ?"

అలవాటు కొద్దీ రసీదు తిప్పాను. పెన్సిలు కదల్లేదు.

"నాకేం తెలీదు బాబూ," అన్నాను. "నేనెప్పుడూ అటు వెళ్ళలేదు."