చెయ్యని సైగ

కళ్ళజోళ్ళ షాపు తెరవగానే షాపాయన చేసే మొదటి పని, వంకర పోయిన ఫ్రేములు తెచ్చి అద్దాలు బిగించే అతని చెవులకు ఆనించడం. ప్లాస్టిక్ మెత్తబడాలంటే వేడి కావాలి. సోమవారం నుంచి అతని చెవులు ఆ వేడి ఇస్తున్నాయి. కరెంటు హీటరు అటకెక్కింది. "కాస్త ఇటు తిరగవయ్యా" అనేవాడు షాపాయన, అతను తిరిగేవాడు.

ఆ వేడి సిగ్గుది. ఆదివారం కంప్యూటర్ ఆటల పోటీలో వాళ్ళ అయిదుగురి జట్టు ఫైనల్లో ఓడిపోయింది. జట్టులో అతను మంత్రగాడు, అతని అక్క మొగుడు ముందు నిలబడి కాసేవాడు. మంత్రగాడి బలమంతా రెప్పపాటులో ఉంటుంది. పొద చాటున ఓపిగ్గా నక్కి ఉండాలి. అవతలి విలుకాడు తప్పించుకునే ఎత్తు వాడేసేదాకా ఆగాలి. అప్పుడు ముందు నిలబడ్డ బావకు సైగ చేసి, ఉన్న మంత్రాలన్నీ ఆ విలుకాడి మీదే కుమ్మరించాలి. ఆ తర్వాత పది సెకన్లు మంత్రగాడు ఒట్టి చేతులవాడే. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా, ఇదంతా జట్టుకు రోజూ నూరిపోసేవాడు. తీరా జనం ఈలలు వేసేసరికి ఒళ్ళు మరిచి, ఎదురొచ్చిన డాలువాడి మీద అన్నీ ఖర్చు పెట్టేశాడు. డాలువాడు చెక్కు చెదరలేదు. విలుకాడు తీరిగ్గా అయిదుగురినీ పడగొట్టాడు.

అందరూ తనవైపు చూస్తుంటే, సైగ చేశాననీ, బావకే కనపడలేదనీ అనేశాడు. అక్క మొగుడే కదా, మాట పడతాడులే అనుకున్నాడు. బావ పడ్డాడు. పైగా నమ్మాడు.

శుక్రవారం మధ్యాహ్నం బావ షాపుకొచ్చి కళ్ళు పరీక్ష చేయమన్నాడు. స్కూలు బస్సు నడుపుతాడాయన. గోడ మీది అక్షరాలు చివరి వరుసదాకా తడుముకోకుండా చదివాడు. కళ్ళకేం కాలేదని షాపాయన చెబితే వినలేదు. ఎదురుగా తెర మీద సైగ కనపడనివాడికి రోడ్డు మీద పిల్లలేం కనపడతారని అడిగాడు. సాయంత్రం ట్రిప్పు కాగానే బస్సు తాళాలు అప్పగించేస్తానన్నాడు. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని అది.

చేసేది లేక షాపాయన ఒక సాదా అద్దాల జోడు తీసి, బావ ముఖానికి సరిచేద్దామని అద్దాలు బిగించే అతని చెవికి ఆనించాడు. అది మెత్తబడలేదు, మైనంలా కరిగి భుజం మీద కారింది. రెండోదీ అంతే. మూడోది ఇంకా ఆనించకముందే కరిగి జారిపోయింది.

"ఈమధ్య ప్లాస్టిక్కులో నాణ్యత తగ్గింది" అన్నాడు బావ, నాలుగోదాని కోసం సర్దుకుని కూర్చుంటూ.

ఆ మంచితనం అతను భరించలేకపోయాడు.

"నేను సైగ చెయ్యలేదు బావా. నీ కళ్ళు బాగానే ఉన్నాయి. తప్పు నాది, అబద్ధమూ నాదే."

లాగి ఒక్కటి పీకినా బాగుండుననిపించింది అతనికి. బావ గోడవైపు తిరిగి చివరి వరుస మళ్ళీ పైకి చదువుకున్నాడు.

"జట్టుకు చెప్పు. మీ అక్కకూ నువ్వే చెప్పు" అని, బస్సు టైమైందని లేచి వెళ్ళిపోయాడు.

షాపాయన నాలుగో ఫ్రేము ఆనించి చూశాడు. చెవి చల్లగా ఉంది. హీటరు కోసం స్టూలు ఎక్కాడు.

అతను అక్కకు ఫోన్ చేశాడు. ఎలా మొదలుపెట్టాలా అని గొంతు సవరించుకుంటుంటే ఆవిడే అందుకుంది.

"మీ బావ అక్కడికే వచ్చాడా? కళ్ళు కనపడట్లేదంటుంటే సోమవారం నుంచి నేనే చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తున్నాన్రా. కాస్త దగ్గరుండి దాటించు."