గుమ్మం పక్కన ఆస్ మొక్క

కాలరు మీద నీళ్లు చిలకరించి అబూ రుష్దీ ఇస్త్రీపెట్టెను మెల్లగా నడిపించాడు. లేచిన ఆవిరికి కళ్లద్దాలు మసకబారాయి. తుడుచుకోలేదు. ఆ చొక్కా ఎవరిదో, దాని ఎడమ భుజం ఎందుకు జారుతుందో చూడకుండానే తెలుసు. వీధిలో సగంమంది భుజాలు ఆయనకు తెలుసు. వాళ్ల ఇళ్లు లోపల ఎలా ఉంటాయో మాత్రం తెలియదు. అది భార్య బహీజాకు తెలిసేది.

పిల్లలు లేరు. అబూ అంటే ఫలానావాడి నాన్న అని; కొడుకు లేడు కనక ఆయన తండ్రి పేరే కలిపి వీధివాళ్లు ఆయన్ను అబూ రుష్దీ అనేవారు. బహీజా ఉన్నన్నాళ్లూ ఆ ఇంటి తలుపుకు విశ్రాంతి లేదు. పెద్ద గిన్నె కావాలని ఒకరు, జల్లెడ తిరిగివ్వాలని ఒకరు. ఆమె పోయాక, ఒంటరి మగవాడిని ఇబ్బంది పెట్టడమెందుకని అందరూ దుకాణానికే రావడం మొదలుపెట్టారు. అది మర్యాదే. సాయంత్రం ఇంట్లో కూర్చుంటే ఆ మర్యాద గోడ గడియారంలా వినిపించేది.

మధ్యాహ్నం షట్టరు దించి బరదా నది ఒడ్డున ఉన్న మొక్కల తోటకు నడిచాడు. తోట నడిపే ఉమ్ రాతిబ్ ఆయనకన్నా పెద్దది. మోకాళ్ల దాకా బురద, నోటి నిండా మాట.

"ఎండ ఎంతసేపుంటుంది తమ్ముడూ?"

"పొద్దున్నించి సాయంత్రం అసర్ నమాజు దాకా అక్కా. దక్షిణం గోడ."

"అయితే గార్డెనియా వద్దు. కొత్త పెళ్లికూతురిలా ఊరికే అలుగుతుంది. ఇదిగో, ఈ గార్ మొక్క తీసుకో. ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది. ఆ నిగనిగ చూడు, నువ్వే ఇస్త్రీ చేసినట్టు లేదూ!"

అబూ రుష్దీ నవ్వాడు. ఆకును రెండు వేళ్ల మధ్య పెట్టి చూశాడు. బాగానే ఉంది. కానీ ఆయన చూపు దాని వెనక, ఒక పాత నూనెడబ్బాలో గుబురుగా పెరిగిన మొక్క మీద ఆగింది. చిన్న ఆకులు, ఎండ తగిలిన చోటల్లా మెరుస్తున్నాయి.

"అదా? అది ఆస్ కదయ్యా! సమాధుల మీద పెట్టేదాన్ని ఎవడైనా గుమ్మంలో నాటుకుంటాడా? పైగా రంజాను పండగ ముందురోజు చూడు నీ తంటా. పోయినవాళ్ల దగ్గరికి వెళ్తూ, ఖబరస్తాను గేటు దగ్గర కొనడం దేనికని వీధంతా నీ మీద పడుతుంది. తలో కొమ్మా పట్టుకుపోతే నీకు మోడు మిగులుతుంది."

ఆయన ఆ చిన్న ఆకుల మీద వేలు పెట్టి రాశాడు.

"తలుపు కొట్టి అడుగుతారా?"

"ఏమిటీ?"

"కోసేముందు. తలుపు కొట్టి అడుగుతారా అని."

ఉమ్ రాతిబ్ నోటిదాకా వచ్చిన ఇంకో హాస్యం అక్కడే ఆగిపోయింది. వంగి డబ్బా చుట్టూ కలుపు పీకింది.

"అడక్కుండా కోసిన కొమ్మ పోయినవాళ్లకేం చల్లదనం ఇస్తుంది? అడుగుతారు తమ్ముడూ. తప్పకుండా అడుగుతారు." డబ్బాను తనే ఎత్తి ఆయన చేతుల్లో పెట్టింది.

గుమ్మం పక్కన గొయ్యి తవ్వుతుంటే పై అంతస్తు ఉమ్ హసీబ్ బాల్కనీ మీంచి వంగి చూసింది.

"ఇదేమిటి అన్నయ్యా, వాకిట్లో ఆస్? మమ్మల్నందర్నీ సాగనంపుదామనా?"

"పండక్కి నీకూ కావాలి కదమ్మా. తలుపు కొట్టు, ఇస్తాను."

"కొట్టకపోతే ఊరుకుంటావా!"

ఆ సాయంత్రం ఆయన తలుపు తెరిచే ఉంచి అన్నం తిన్నాడు.

మొక్క నాటుకుంది. రంజాను వచ్చింది. నెల చివర్లో ఒక ఉదయం దుకాణం షట్టరు లేవలేదు. నిద్రలోనే పోయాడని, బాధ తెలిసి ఉండదని డాక్టరు చెప్పాడు. బహీజా పక్కనే చోటు దొరికింది.

పండగ ముందురోజు ఉమ్ హసీబ్ ఆస్ మొక్క ముందు నిలబడింది. చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకుంది. వెళ్లి రెండుసార్లు తలుపు కొట్టింది. కాసేపు ఆగింది. తర్వాత, అంత్యక్రియల నాడు తనకు అప్పగించిన తాళంచెవితో తెరిచింది, కోయడానికి ఏదైనా దొరుకుతుందేమోనని.

వెతకనక్కర్లేకపోయింది. తలుపు వెనకే ఒక చిన్న బల్ల. దాని మీద కొత్త కత్తెర, పక్కన పళ్లెంలో కడిగి బోర్లించిన బహీజా కాఫీ కప్పులు, ఇంట్లో ఉన్నవన్నీ.