తెర వెనక భోజనం

దోన్ రూఫీనో కట్టుడు పళ్ళు పోయిన రోజు ఉదయం బేనిగ్నా ఎప్పటిలాగే ఆసుపత్రి వంటశాలలో రోగులు తిని వదిలిన ట్రేలు దులుపుతూ ఉంది. మిగిలిన అన్నం, బంగాళాదుంప తొక్కలు, నలిగిన కాగితపు రుమాళ్ళు, అన్నీ పందులవాడి డబ్బాలోకి. ఇరవై ఆరేళ్ళుగా ఆ పని చేతులు చేసేవి, కళ్ళు చూసేవి కావు. ఏడో మంచం ట్రే మీది రుమాలు కొంచెం బరువుగా తగిలింది. అప్పటికే చెయ్యి వదిలేసింది. పందులవాడు డబ్బా ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

పొతోసీలో సగం ఊరికి కోట్లు కుట్టిన దర్జీ దోన్ రూఫీనో. ఎనభై ఒక్క ఏళ్ళు. తుంటి ఎముక విరిగితే నాలుగు రోజుల క్రితం ఆపరేషన్ చేశారు. మధ్యాహ్నం ఆయన నోటికి దుప్పటి అడ్డం పెట్టుకుని అడిగాడు.

"అమ్మాయ్, రుమాల్లో చుట్టి ట్రే మీద పెట్టాను. చూశావా?"

ఆ బరువు ఆమె వేళ్ళకు గుర్తొచ్చింది.

"లేదండీ."

సాయంత్రం కూతురు నేలిదా వచ్చింది. "మొన్న కళ్ళజోడు, ఇవాళ పళ్ళు. రేపు నన్ను కూడా ఎక్కడో పెట్టి మర్చిపోతావు నాన్నా!" కొత్తవి చేయడానికి మూడు వారాలు పడుతుందన్నారు.

ఆయన నలుగురి ముందు నోరు తెరవడం మానేశాడు. సూప్ వచ్చినట్టే తిరిగి వెళ్ళేది. గాయం మానలేదు. "తింటేనే కండ, కండుంటేనే కుట్లు నిలిచేది" అంటూ నర్సు ఆయన జబ్బకు కొలత టేపు చుట్టింది. అంకె ఆయనే చదివాడు.

"ఇరవై ఒక్క సెంటీమీటర్లు. పదేళ్ళ పిల్లాడి చొక్కా."

మర్నాడు బేనిగ్నా వేరుశనగ సూప్‌లో కోడిమాంసం మెత్తగా రుబ్బి తెచ్చింది. మంచం చుట్టూ తెర లాగి, వీపు తిప్పి నిలబడింది.

"నేను చూడను. తినండి."

వెనకనుంచి ఆయన గొంతు వచ్చింది.

"నీ కోటు వెనక కుట్టు వంకర. ఎవరు కుట్టారు?"

"నేనే."

"తెలుస్తూనే ఉంది."

చెంచా గిన్నెకు తగిలింది.

అలా ఎనిమిది రోజులు. టేపు మీద అంకె తగ్గడం ఆగింది. పళ్ళ సంగతి బేనిగ్నా రోజూ చెప్పేద్దామనుకునేది. చెబితే ఈ నాలుగు చెంచాలు కూడా మానేస్తాడేమోనని ఊరుకునేది.

ఎనిమిదో రోజు ఆయనే అన్నాడు. "నా మతి పోయిందమ్మాయ్. అరవై ఏళ్ళలో ఒక్క సూది పోగొట్టుకోలేదు. ఇప్పుడు నోట్లోవే పోగొట్టుకున్నాను."

ఆమె వీపు తిప్పుకునే ఉంది.

ఆ రాత్రి గాయం చీము పట్టి జ్వరం వచ్చింది. మర్నాడు మధ్యాహ్నం ఆమె గిన్నెతో వచ్చేసరికి ఏడో మంచం మీద దుప్పట్లు మారుస్తున్నారు.

నేలిదా వరండాలో ఉంది. "బాగా చూసుకున్నావు బేనిగ్నా. పాపం, చివర్లో నాన్నకి మతి తప్పింది."

"ఆయన మతి బాగానే ఉందమ్మా."

ఓదార్పు మాట అనుకుని నేలిదా కళ్ళు తుడుచుకుంది, ఆమె చెయ్యి నొక్కి మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మిగతా మాట బేనిగ్నా ఇంకా చెప్పవలసే ఉంది.