బొద్దక్క కార్డు

వదినా నేనూ పరాయి దేశంలో ఒక హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసేవాళ్లం. ఆ దేశంలో ఉండటానికి ఇద్దరికీ కాగితాల్లేవు. పట్టుకుని పంపించేస్తారేమోనని, ఎంత జబ్బు చేసినా ఆసుపత్రి గడప తొక్కేవాళ్లం కాదు.

వదినకి కడుపునొప్పి మొదలైన మూడో రోజు, మధ్యాహ్నం మిషన్ పక్కనే కూలబడిపోయింది. ఒళ్లు కాలిపోతోంది. మాతో పనిచేసే బొద్దక్కకి అన్ని కాగితాలూ ఉన్నాయి. తన ఆరోగ్య కార్డు నా చేతిలో కుక్కి, "దీనిమీద ఫొటో ఉండదులే. మీ వదినదేనని చెప్పు, పో" అంది.

ఆసుపత్రి గుమ్మంలో యూనిఫారం మనిషిని చూసి పోలీసే అనుకున్నాను. తలొంచుకుని లోపలికి నడిచాం. కౌంటర్లో కార్డు చూసి, మారుమాట లేకుండా వదినని మంచమెక్కించారు.

డాక్టరమ్మ పొట్ట కుడివైపు నొక్కగానే వదిన కెవ్వుమంది.

"ఇది అపెండిక్స్ నొప్పిలాగే ఉంది. కానీ నాలుగేళ్ల కిందటే తీసేసినట్టు రికార్డులో ఉందే! మరి కుట్ల మచ్చేది?"

బొద్దక్కకి ఆపరేషనైన సంగతి మాకెవరు చెప్పారు?

"సన్న మచ్చండీ, కలిసిపోయింది," అంది వదిన మూలుగుతూనే. నా మణికట్టు గట్టిగా పట్టుకుని మా భాషలో గొణిగింది: "నోరు విప్పావో చంపేస్తా. ఇంటికి పోదాం పద."

ఆమె పెదాలు పాలిపోయి ఉన్నాయి. ఊళ్లో ఉన్న అన్నయ్యకి ఏం చెప్పుకోను?

"ఆ కార్డు ఈవిడది కాదండీ," అనేశాను.

డాక్టరమ్మ నావైపు ఒక్క క్షణం చూసి విసురుగా బయటికెళ్లింది. అద్దంలోంచి చూస్తే యూనిఫారం మనిషితో మాట్లాడుతోంది. అతను నేరుగా మావైపే వచ్చాడు. అయిపోయింది, మా పని అయిపోయింది అనుకున్నాను.

"పక్కకి జరగమ్మా, ఆపరేషన్ గదికి తీసుకెళ్లాలి," అని మంచం తోసుకుంటూ పరిగెత్తాడు.

అపెండిక్స్ అప్పటికే పగిలిందట. వదిన బతికింది. కార్డు మాత్రం వాళ్లే ఉంచేసుకున్నారు. బొద్దక్కని విచారణకి పిలిచారు. మా పేర్లు బయటపెట్టలేదు మహాతల్లి. మేము మాత్రం భయంతో గది మారాం.

కుట్లు విప్పడానికి వారం తర్వాత రమ్మన్నారు. వెళ్లాలా వద్దా అని రెండు రోజులు కొట్టుకుచచ్చాం. చివరికి వెళ్లాం. కౌంటర్లో వదినే తన సొంత పేరు చెప్పింది. వాళ్లకి వినపడక, రెండోసారి చెప్పాల్సొచ్చింది.