శామ్యూల్ రాని శనివారం

అమలాపురంలో శనివారాలు జరిగే డాన్స్ థెరపీ క్లాసుకు కాట్రేనికోన నుంచి ఇద్దరు తల్లులు ఒకే ఆటోలో వెళ్ళేవారు. లీలావతి తన కూతురు దుర్గాశ్రీని, స్కూల్లో టీచరుగా చేసే పుష్పలత తన కొడుకు శామ్యూల్‌ని తీసుకెళ్ళేవారు. పిల్లలిద్దరికీ ఆటిజం. ఇద్దరికీ మాటలు లేవు.

మొదట్లో ఇద్దరూ గోడవారనే కూర్చునేవారు. కొన్నాళ్ళకు శామ్యూల్ లేచాడు. డప్పు మోగగానే కిటికీ దగ్గరికెళ్ళి చేతులు చాచి, కొంగ వాలినట్టు మెల్లగా దించేవాడు. కోపమొస్తే నేలను తన్నేవాడు. దుర్గాశ్రీ మాత్రం చెవులు మూసుకుని గోడవారన కూర్చునేది.

"మీ పాప కూడా లేస్తుందండీ, చూస్తూ ఉండండి," అనేది పుష్పలత.

"ఆయ్," అనేది లీలావతి నవ్వుతూ. ఆ ఓదార్పు ఆమెకు పుండు మీద కారంలా ఉండేది. ఇంటికెళ్ళి కూతురి చేతులు పట్టుకుని బలవంతంగా ఊపేది. పిల్ల కరిచేది.

ఒక శుక్రవారం పుష్పలత లీలావతికి ఫోన్ చేసింది. "రేపు ఎన్నింటికి బయల్దేరదామండీ?"

"రేపు క్లాసు లేదంటండీ. డాన్స్ మేడమ్‌గారికి ఒంట్లో బాగోలేదంట."

ఒక్కరోజైనా ఆ గదిలో అందరూ తన పిల్లనే చూడాలనిపించింది లీలావతికి.

మర్నాడు కూతుర్ని తీసుకుని ఒక్కతే క్లాసుకెళ్ళింది. డప్పు మోగింది. దుర్గాశ్రీ గోడవైపు నుంచి తిరిగింది. కిటికీని చూసింది, గుమ్మాన్ని చూసింది. లేచి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడి, చేతులు చాచి, అచ్చం శామ్యూల్‌లాగే దించింది. లీలావతి బెంచీ మీంచి లేచి నిలబడింది. అంతలోనే పిల్ల పక్కకు చూసి, ఏడుస్తూ నేలను తన్నసాగింది.

డాన్స్ నేర్పే ప్రశాంతి డప్పు ఆపింది. "శామ్యూల్ ఏడని అడుగుతోందండీ మీ పాప. వాళ్ళు రాలేదేంటి?"

లీలావతి వరండాలోకెళ్ళి ఫోన్ చేసింది. "క్లాసుందండీ. అబద్ధం చెప్పేను. మీ బాబుని చూసి ఓర్వలేకపోయేను."



"పొద్దుట్నించీ బూట్లేసుకుని గుమ్మంలోనే కూర్చున్నాడండీ వాడు," అని పుష్పలత ఫోన్ పెట్టేసింది.

పై శనివారం పుష్పలత కొడుకుతో బస్సులో వచ్చి, బెంచీ ఆ చివర కూర్చుంది. డప్పు మోగగానే పిల్లలిద్దరూ కిటికీ దగ్గర చేరారు. దుర్గాశ్రీ శామ్యూల్‌ని చూసి నవ్వింది. కన్నతల్లిని చూసి ఏనాడూ అలా నవ్వలేదు. లీలావతి కడుపులో మళ్ళీ అదే మంట రేగింది. అయినా జరిగి పుష్పలత పక్కన కూర్చుంది.

"ఏవండీ..."

"పిల్లల్ని చూడండి," అంది పుష్పలత తల తిప్పకుండా.